చదరంగం ప్రశ్నోత్తరాలు: ఆరోనియన్‌పై ఆనంద్ గెలుపు, విక్ ఆన్ జీ, 2013

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే ఆట గురించి ఉన్నందున, ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాము. నెదర్లాండ్స్‌లోని విక్ ఆన్ జీ అనే సముద్రతీర గ్రామంలో 2013 జనవరి 15న, టాటా స్టీల్ టోర్నీ నాలుగవ రౌండ్‌లో, తెల్లపావులతో ఆర్మేనియాకు చెందిన లెవాన్ ఆరోనియన్, నల్లపావులతో విశ్వనాథన్ ఆనంద్ ఈ ఆట ఆడారు. అప్పటికి ఆనంద్ ప్రపంచ ఛాంపియన్. ఆరోనియన్ రేటింగ్ 2800 దాటి ఉన్నది.

ఎత్తులన్నీ ఇక్కడ ఇస్తున్నాము. బోర్డు దగ్గర పెట్టుకొని చదివితే జవాబులు సులభంగా అర్థమవుతాయి. గు అంటే గుర్రం, శ అంటే మూలగా నడిచే శకటు, మ అంటే మంత్రి, ఏ అంటే ఏనుగు, రా అంటే రాజు. ఏ అక్షరమూ లేనిచోట నడిచినది బంటు. డి4 వంటి గుర్తులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డవరుసను చెబుతాయి. × అంటే ఎదుటి పావును తీయడం, బ్రాకెట్లలోని అక్షరం ఆ పావు ఏ నిలువు వరుస నుంచి వచ్చిందో చెబుతుంది.

1. డి4 డి5 2. సి4 సి6 3. గు-ఎఫ్3 గు-ఎఫ్6 4. గు-సి3 ఇ6 5. ఇ3 గు(బి)-డి7 6. శ-డి3 డి×సి4 7. శ×సి4 బి5 8. శ-డి3 శ-డి6 9. కోట, కోట 10. మ-సి2 శ-బి7 11. ఎ3 ఏ-సి8 12. గు-జి5 సి5 13. గు×హెచ్7 గు-జి4 14. ఎఫ్4 సి×డి4 15. ఇ×డి4 శ-సి5 16. శ-ఇ2 గు(డి)-ఇ5 17. శ×జి4 శ×డి4 చెక్ 18. రా-హెచ్1 గు×జి4 19. గు×ఎఫ్8 ఎఫ్5 20. గు-జి6 మ-ఎఫ్6 21. హెచ్3 మ×జి6 22. మ-ఇ2 మ-హెచ్5 23. మ-డి3 శ-ఇ3. తెల్లవారు ఓటమి ఒప్పుకున్నారు.

ప్రశ్న: పదహారవ ఎత్తు తరువాత బోర్డు చూస్తే నల్లవారి పావులు ఎన్నో తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నట్లు కనబడుతున్నవి. ఆరోనియన్ వంటి ఆటగాడు ఇ5లోని గుర్రాన్ని బంటుతో ఎందుకు తీయలేదు? ఇది ధైర్యమా, లేక లెక్కా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు చూసినది నిజమే. ఆ క్షణంలో ఎఫ్8లోని ఏనుగు తెల్లగుర్రం నోటి ముందు ఉన్నది, సి5లోని శకటును డి4 బంటు తీయవచ్చు, ఇ5లోని గుర్రాన్ని ఎఫ్4 బంటుతో తీయవచ్చు, జి4లోని గుర్రంపై ఇ2 శకటు గురి ఉన్నది. ఒకేసారి నాలుగు పావులు ఎదుటివాడి చేతికి అందేలా పెట్టి, ప్రపంచపు మేటి ఆటగాళ్లలో ఒకరిని ఏది తీసుకోవాలో తేల్చుకోమనడం ఉన్నత స్థాయి ఆటలలో చాలా అరుదుగా జరిగే సంగతి.

ఇప్పుడు ఎఫ్4 బంటుతో ఇ5 గుర్రాన్ని తీశారని అనుకోండి. డి7 నుంచి ఆ గుర్రం లేచి వెళ్లడం వలన నల్లమంత్రికి డి8 నుంచి డి4 దాకా దారి తెరుచుకున్నది. మంత్రి డి4 బంటును తీసి రాజుకు చెక్ పెడుతుంది. రాజు హెచ్1కు వెళ్తే మంత్రి స్వయంగా జి1లో దిగి మళ్లీ చెక్ చెబుతుంది. సి5 శకటు దూరం నుంచి కాపు కాస్తున్నందున రాజు దానిని తీయలేదు, ఏనుగుతోనే తీయాలి. ఏనుగు జి1కు రాగానే రాజు చుట్టూ ఉన్న గడులన్నీ తన పావులతోనే నిండిపోతాయి, జి4 గుర్రం ఎఫ్2లో దూకితే ఆట కట్టు. తెల్లమంత్రి సి2లోనే ఉన్నది కదా, ఎఫ్2ను కాపాడదా అని అడగవచ్చు. మధ్యలో ఇ2లో నిలబడిన సొంత శకటు దానికి అడ్డం. డి4 బంటుతో గుర్రాన్ని తీయడానికి వీలే లేదు, ఆ బంటు పక్కకు జరిగితే రాజు సి5 శకటు నోట పడతాడు.

అందువలన ఇది లెక్కే. అయితే ఆ లెక్కకు ముందు ఒక చూపు ఉన్నది. పదిహేనవ ఎత్తులో శకటు డి6 నుంచి సి5కు జరగడమే నాకు ఈ ఆటలో అసలు మలుపుగా కనబడుతుంది. అంతకు ముందు ఆరోనియన్ ఎఫ్4 ఆడి ఆ శకటుకు హెచ్2 వైపు ఉన్న దారిని మూసివేశారు. అది చేయక తప్పని ఎత్తు, ఎందుకంటే జి4 గుర్రం, డి6 శకటు రెండూ హెచ్2 మీదనే కన్ను వేసి ఉన్నవి. ఆ మూసిన దారిలో బలం వృథా చేయకుండా, అదే శకటును పక్క మూలకు తిప్పి, ఎఫ్ బంటు కదలిక వలన, ఇ బంటు డి4కు వెళ్లిపోవడం వలన బోసిపోయిన జి1 వైపు గురిపెట్టారు ఆనంద్. బంటుతో ఆ శకటును తీస్తే డి7 గుర్రం సి5లో తిరిగి తీస్తుంది, దానితో డి3 శకటుపై గుర్రమూ మంత్రీ కలిసి పడతాయి, డి4 నుంచి చెక్ కూడా సిద్ధంగా ఉంటుంది. ఆరోనియన్ తన శకటును ఇ2కు వెనక్కు తీసుకున్నది ఇందుకే.

ప్రశ్న: చివరి స్థితిలో ఆట కట్టలేదు, చెక్ కూడా లేదు. పావులు లెక్కపెడితే తెల్లవారికే ఒక ఏనుగు ఎక్కువగా ఉన్నది. ఓటమి ఎందుకు ఒప్పుకున్నారో నాకు అర్థం కాలేదు.
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ లెక్క చాలావరకు సరైనదే. చివరలో తెల్లవారికి రెండు ఏనుగులు, ఒక శకటు, ఒక గుర్రం ఉన్నవి. నల్లవారికి ఒక ఏనుగు, రెండు శకటులు, ఒక గుర్రం ఉన్నవి. బంట్లు చెరి అయిదు. అంటే ఒక శకటుకు బదులు ఒక ఏనుగు తెల్లవారి దగ్గర అదనం. పావుల విలువ ప్రకారం ఆరోనియన్‌దే పైచేయి.

కాని హెచ్3 బంటు వైపు చూడండి. నల్లమంత్రి హెచ్5 నుంచి దానిని తీస్తే, జి2 బంటు తిరిగి తీయలేదు. బి7లో కూర్చున్న శకటు చూపు ఆ పొడవైన మూలగీత వెంట జి2 మీదుగా రాజు దాకా ఉన్నది, జి2 బంటు కదిలితే రాజు నేరుగా ఆ శకటు నోట పడతాడు. హెచ్3 బంటు జి4 గుర్రాన్ని కూడా తీయలేదు, తీస్తే హెచ్ వరుస తెరుచుకొని రాజు మంత్రికి ఎదురవుతాడు. కాబట్టి ఇరవై రెండవ ఎత్తు తరువాత బెదిరింపు ఒక్కటే: మంత్రి హెచ్3ను తీసి ఆట కట్టడం. ఆరోనియన్ తన మంత్రిని డి3కి తెచ్చి, ఆ అడ్డవరుస వెంట హెచ్3ను కాపాడారు, పైగా డి4లోని శకటు మీద దాడి కూడా పెట్టారు. ఒకే ఎత్తులో రక్షణ, ఎదురుదాడి రెండూ ఉన్నవి. మామూలు ఆటలో దీనిని మంచి జవాబుగా మెచ్చుకుంటాము.

అప్పుడు దాడిలో ఉన్న ఆ శకటే ఒక గడి జరిగి ఇ3లో నిలబడింది. డి3కీ హెచ్3కీ మధ్య తెర పడింది. ఆ శకటును శకటుతో తీస్తే అడ్డం అలాగే ఉంటుంది, మంత్రి హెచ్3లో చెక్, రాజు జి1, మంత్రి జి2లో కట్టు. మంత్రితో తీస్తే గుర్రం ఆ మంత్రిని తీసుకుంటుంది. ఆ గుర్రాన్ని సి1 శకటు తిరిగి తీసినా హెచ్3 మీద మళ్లీ అదే కట్టు. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఆ స్థాయి ఆటగాళ్లు మిగిలిన రెండు మూడు ఎత్తులు ఆడించుకోరు.

ఒక సంగతి మీరు స్వయంగా చూసుకోవచ్చు. తెల్లవారి ఎ1 ఏనుగు, సి1 శకటు ఆట మొదలైన గడులలోనే ఉన్నవి, ఒక్కసారి కూడా కదలలేదు. మరోవైపు ఒకే గుర్రం ఎఫ్3, జి5, హెచ్7, ఎఫ్8, జి6 అని అయిదు ఎత్తులు తిరిగి, ఒక బంటునూ ఒక ఏనుగునూ తిని, చివరకు చచ్చింది. అదనంగా ఉన్నదని మీరు లెక్కపెట్టిన ఏనుగు యుద్ధం జరిగిన చోటికి రానే లేదు. ఈ ఆటను నేను ఎప్పుడు చూసినా ముందుగా ఆ సి1, ఎ1 గడులనే చూస్తాను. దాడి గెలిచిందా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ప్రశ్న: ఈ ఎత్తులన్నీ ఇంట్లో కంప్యూటర్ దగ్గర కూర్చొని ముందే తయారుచేసుకున్నవని విన్నాను. అలాంటప్పుడు దీనిని గొప్ప ఆట అనవచ్చునా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: తన బృందంతో కలిసి చేసిన తయారీ ఈ ఆటలో ఉపయోగపడిందని ఆట తరువాత ఆనంద్ దాచకుండా చెప్పారు. ఆయన 2012 మేలో మాస్కోలో బోరిస్ గెల్‌ఫాండ్‌పై ప్రపంచ కిరీటాన్ని నిలబెట్టుకున్నారు. అలాంటి పోటీకి నెలల తరబడి జరిగే సాధన ఆ పోటీతోనే అయిపోదు. అందులో వాడని ఎత్తులు తరువాతి టోర్నీలలో బయటికి వస్తాయి. ఇక్కడ ఆడినది సెమీ స్లావ్ అనే ఆరంభంలోని మెరాన్ పద్ధతి, దాదాపు నూరేళ్లుగా అందరూ తవ్వుతున్న నేల.

అయినా తయారీ ఉన్నదన్న కారణంగా ఈ ఆట విలువ తగ్గిందని నేను ఒప్పుకోను, దానికి నా కారణం పందొమ్మిదవ ఎత్తు. అప్పటికి ఆరోనియన్ గుర్రం ఎఫ్8 ఏనుగును తినేసింది. నల్లవారు ఆ గుర్రాన్ని రాజుతో వెంటనే తీసుకోవచ్చు, కాని దాడికి పట్టు పోతుంది, తెల్లవారికి ఊపిరి దొరుకుతుంది. మంత్రిని హెచ్4కు పరుగెత్తించి హెచ్2లో కట్టు బెదిరించాలని ఎవరికైనా చేయి దురద పెడుతుంది. అక్కడే గొయ్యి ఉన్నది: తెల్లమంత్రి సి2 నుంచి హెచ్7కు వచ్చి చెక్ చెబుతుంది, ఎఫ్8 గుర్రం దానికి కాపు, నల్లమంత్రి దానిని తీయక తప్పదు, గుర్రం తిరిగి తీస్తుంది, మంత్రులు మాయమై దాడి చల్లారిపోతుంది. ఆనంద్ ఈ రెండూ చేయకుండా ఎఫ్ బంటును రెండు గడులు ముందుకు నెట్టారు. చెక్ లేదు, తీసుకోవడం లేదు, ఏనుగు లోటుతో ఉన్నప్పుడు ఒక బంటు ఎత్తు! అది సి2 నుంచి హెచ్7 దాకా ఉన్న మూలగీతను మూసివేసింది, అంతే. ఇక హెచ్4కు మంత్రి రావడాన్ని ఆపడానికి ఆ గుర్రం జి6కు పోవలసి వచ్చింది, నల్లమంత్రి ఎఫ్6 మీదుగా దానిని ఇరవై ఒకటవ ఎత్తులో తీరికగా తీసుకున్నది.

జి6లో గుర్రాన్ని తీసిన ఆ క్షణంలో జి4లోని నల్లగుర్రం హెచ్3 బంటుకు అందుబాటులో ఉన్నది. తీస్తే మంత్రి హెచ్6కు వచ్చి అక్కడికక్కడే కట్టు, ఎందుకంటే జి1ను డి4 శకటు మూసి ఉంచింది. ఒక్కొక్క ఎత్తులో ఇలాంటి సమాధానం సిద్ధంగా ఉంచుకోవడం జ్ఞాపకశక్తితో మాత్రమే అయ్యే పని కాదు. యంత్రం ఇంటి దగ్గర ఎత్తును చూపుతుంది. గడియారం నడుస్తుండగా, ఎదురుగా ఆరోనియన్ కూర్చొని ఉండగా, ఏనుగును వదిలేసి ఆ బంటును నెట్టే నమ్మకం ఆటగాడికి ఆ స్థితి లోతుగా అర్థమైనప్పుడే కలుగుతుంది.

ఆ సంవత్సరాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ఆనంద్‌కు అప్పుడు 43 ఏళ్లు. గెల్‌ఫాండ్‌తో పన్నెండు ఆటలు సమంగా ముగిసి, ర్యాపిడ్ ఆటలలో తేలిన తరువాత, ఆయన ఆటలో పదును తగ్గిందని చాలామంది రాశారు. ఆ మాటలకు ఇరవై మూడు ఎత్తులలో వచ్చిన సమాధానం ఇది.

ప్రశ్న: ఆరోనియన్ ఎక్కడ తప్పు చేశారు?
— ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: పదమూడవ ఎత్తులో హెచ్7 బంటును గుర్రంతో తీయడం దగ్గర కష్టాలు మొదలైనవి. ఆ బంటు మీద డి3 శకటు చూపు కూడా ఉన్నది, దానితో తీసే మార్గమూ ఉన్నది. గుర్రంతో తీసినప్పుడు ఆయన ఎదురుచూసినది బహుశా నల్లవారు ఆ గుర్రాన్ని గుర్రంతో తీస్తారని. అప్పుడు శకటు చెక్‌తో తిరిగి తీసి, ఒక బంటు లాభంతో హాయిగా ఉంటుంది. ఆనంద్ దానిని ముట్టుకోలేదు. ఎఫ్6 గుర్రాన్ని జి4కు దూకించారు. హెచ్7లోని గుర్రం ఏనుగును బెదిరిస్తున్నది గాని, తన రాజుకు దూరమైపోయింది.

ప్రశ్న: దీనిని రూబిన్‌స్టీన్ ఆటతో పోలుస్తారు. ఆ పోలిక ఎంతవరకు నిజం?
— ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: 1907లో పోలండ్‌లోని వూచ్ నగరంలో రోట్లెవీపై అకీబా రూబిన్‌స్టీన్ గెలిచిన ఆటను మీరు ఉద్దేశించారు. అక్కడా గెలిచినది నల్లపావులే, ఆట ఇరవై అయిదు ఎత్తులలో ముగిసింది. రెండు ఆటలలోనూ ఒక శకటు బి7 నుంచి రాజున్న మూలకు, రెండవ శకటు పక్క మూలగీత వెంట జి1కు గురిపెట్టి ఉంటాయి, జి4లో గుర్రం నిలబడి ఉంటుంది. రూబిన్‌స్టీన్ ఒక ఏనుగును సి3లో, మరొక ఏనుగును డి2లో వదిలి, చివరకు ఏనుగును హెచ్3లో దించి ముగించారు. తేడా కూడా ఉన్నది: రోట్లెవీ పావులు నెమ్మదిగా వెనకబడినవి, రూబిన్‌స్టీన్ వాటిని తీరుబాటుగా చుట్టుముట్టారు. ఆరోనియన్ మాత్రం తానే దాడికి దిగి, ఏనుగును తిని, ఆ తరువాత ఓడారు. అందువలన ఆనంద్ ఆటలో ప్రతి ఎత్తుకూ ప్రమాదం ఎక్కువ. అందంలో మాత్రం నేను నేటికీ రూబిన్‌స్టీన్ ఆటకే ఒక మెట్టు ఎక్కువ ఇస్తాను. డి2లో దిగిన ఆ రెండవ ఏనుగును చూసి తృప్తి తీరదు.

ప్రశ్న: ఆ టోర్నీలో తెలుగువారు ఎవరైనా ఆడారా? చివరకు ఎవరు గెలిచారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఊరి పెంటేల హరికృష్ణే ఆడారు. 2012లో అక్కడే బి విభాగంలో ప్రథమ స్థానం సంపాదించి, ఆ అర్హతతో 2013లో ఆనంద్, ఆరోనియన్, కార్ల్‌సన్‌ల సరసన ఎ విభాగంలో కూర్చున్నారు. టోర్నీ గెలిచినది మాగ్నస్ కార్ల్‌సన్. 13 ఆటలలో 10 పాయింట్లు సాధించి, 1999లో అదే చోట కాస్పరోవ్ నెలకొల్పిన స్కోరును అందుకున్నారు. ఈ ఓటమి తరువాత కూడా ఆరోనియన్ 8.5 పాయింట్లతో రెండవ స్థానంలో నిలిచారు, ఆనంద్, కర్యాకిన్ 8 పాయింట్లతో ఆయన వెనుక ఉన్నారు.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. ఇలాంటి ఆటలు చూసిన దగ్గర నుంచి ప్రతి ఆటలోనూ పావులను వదిలేస్తున్నాడు, వరుసగా ఓడిపోతున్నాడు. ఈ ఆటలు చూపించడం మానేయమంటారా?
— ఒక తండ్రి, నల్గొండ

జవాబు: మానేయవద్దు. ఆ వయసులో దాడి మీద ఇష్టం పుట్టడం మంచిదే, దానిని అణచివేస్తే తిరిగి తీసుకురావడం చాలా కష్టం. మీ అబ్బాయి పావు వదలడాన్ని చూశాడు గాని, వదలడానికి ముందు ఏమి జరిగిందో చూడలేదు. పదిహేనవ ఎత్తుకు ముందు బోర్డును ఆపి, నల్లపావులను ఒక్కొక్కటిగా వేలితో చూపించమనండి. బి7 శకటు పొడవైన మూలగీత మీద ఉన్నది. సి8 ఏనుగు తెరుచుకున్న వరుసలో ఉన్నది. ఒక గుర్రం జి4లో, రెండవది డి7లో ఇ5 వైపు చూస్తూ ఉన్నది. మంత్రికి హెచ్4 దారి ఉన్నది. రాజు కోటలో ఉన్నాడు. పని లేకుండా కూర్చున్న పావు ఒక్కటీ లేదు. ఆ తరువాత తెల్లపావులను అదే విధంగా చూపించమనండి. సి1, ఎ1 దగ్గరకు వచ్చేసరికి తానే ఆగిపోతాడు.

ఇక అతడి సొంత ఆటలలో పావు వదలబోయే ముందు ఒకే పని అలవాటు చేయండి: ఎదుటి రాజు దగ్గరకు తన పావులు ఎన్ని చేరగలవో, దానిని కాపాడడానికి ఎదుటివారివి ఎన్ని రాగలవో లెక్కపెట్టమనండి. తనవి తక్కువైతే వదలకుండా, ఇంకొక పావును ముందుకు తెచ్చే ఎత్తు ఆడమనండి. నోటితో చెబితే పిల్లలు మరిచిపోతారు, కాగితం మీద ఆ రెండు అంకెలూ రాయించండి.

తెల్లగుర్రం ఎఫ్8 ఏనుగును తీసిన తరువాతి స్థితిని బోర్డు మీద పెట్టి, నల్లవారి తరఫున ఏమి ఆడతావని అడగండి. మొదట రాజుతో గుర్రాన్ని తీస్తానంటాడు, తరువాత మంత్రిని హెచ్4కు పంపుతానంటాడు. రెండవదానికి జవాబుగా మీరు తెల్లమంత్రిని హెచ్7కు తీసుకువెళ్లి చూపించండి. ఆపైన ఎఫ్5 ఎత్తును మీరు చెప్పవద్దు. ఒక పూట పట్టినా సరే, అతడినే వెతకనివ్వండి.